రెండు కిడ్నీలూ నార్మల్

"చచ్చిన మనిషిని చూసి నిద్రపోతున్నాడనుకున్నావా? ఎవరి చెవిలో పువ్వులు పెడదామని?"

నిన్న ఇన్‌స్పెక్టర్ ఆమెను అడిగిన తీరు అది. ఇవాళ మధ్యాహ్నం మూడుంబావుకి, అందరూ గడియారం అని పిలిచే పెద్దాయన కూడా అదే అడిగాడు గాని, పువ్వుల ప్రసక్తి తీసుకురాలేదు.

"నిద్రపోతున్నారని ఎందుకనుకున్నావమ్మా?"

టెక్నీషియన్ తల ఎత్తలేదు. పన్నెండేళ్ళుగా ఈ స్కానింగ్ సెంటర్లో రోగుల్ని మిషన్లోకి పంపి, "ఊపిరి బిగబట్టండి, వదలండి" అని చెప్పిన మనిషి. ఇప్పుడు తన ఊపిరి తనకే బరువైనట్టు కూర్చుంది. గుమ్మం బయట ఆడ కానిస్టేబుల్ గోడకి ఆనుకుని కాపలా ఉంది.

"ఫిల్ములు చదివే గది ఎప్పుడూ చీకటే సార్. పెద్ద డాక్టరుగారు మధ్యమధ్యలో బల్లమీద తల వాల్చి కళ్ళు మూసుకుంటారు. లేపితే కసురుకుంటారు. అందుకే కాయితం పక్కన పెట్టి వచ్చేశాను. ఒక్కసారి ముట్టుకుని ఉంటే బతికేవారేమో. మనుషుల లోపల ఏముందో పొద్దస్తమానం చూస్తాను గాని, ఎదురుగా ఉన్న మనిషి ఉన్నాడో పోయాడో తెలుసుకోలేకపోయాను."

"ఎన్నింటికి వెళ్ళావు?"

"పదకొండూ పాతిక్కి."

"వచ్చింది?"

"మూడు నిమిషాలు కూడా ఉండలేదు సార్."

గడియారం రాసుకున్నాడు. ఆయన అసలు పేరు సర్వీసు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఎవరైనా "పొద్దున" అంటే "పొద్దున ఎన్నింటికి?" అని అడిగే జబ్బు వల్ల పోలీసు శాఖ ఆయనకి పెట్టిన పేరు అది. రిటైరై ఏడాదైంది. ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు పెట్టుకున్నాక వచ్చిన ఆరో కేసు ఇది. నిన్న సాయంత్రం ఈమె భర్త, లిఫ్టులు రిపేరు చేసే మనిషి, నూనె చేతులతోనే వచ్చి గడప దగ్గర కూలబడి ఏడ్చాడు. ఇవాళ నాలుగింటికి ఆమెని రిమాండుకి పంపేస్తారు. పంపితే మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

వద్దన్నది ఒక్క చిట్టి. ఆయన కూతురు ఇదే సెంటర్లో జూనియర్ డాక్టరు. "ఈ కేసు నీకెందుకు నాన్నా? నీ ఒంట్లో బాగోలేదు" అని పొద్దున కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తకుండా అంది. నిజమే, రెండు వారాలుగా ఆయనకి మూత్రం ఎర్రగా పోతోంది. "పాత రాయి మళ్ళీ వచ్చుంటుంది" అంటూ చిట్టే మొన్న సాయంత్రం, ఈమె డ్యూటీ దిగాక, దగ్గరుండి స్కానింగ్ తీయించింది. అన్నీ నార్మల్ అని నిన్న తనే ఫోన్ చేసి చెప్పింది. అయినా నడుములో పోటు మాత్రం నార్మల్ కాలేదు. ఆయన దాన్ని లెక్కచెయ్యడం మానేశాడు.

"డాక్టరు నిన్ను తిట్టింది ఎన్నింటికి?"

"పదీ నలభైకి. వరండాలో అందరి ముందూ." ఆమె చేతివేళ్ళు చూసుకుంది. "ఎక్స్‌రే తీసేటప్పుడు ఎడమో కుడో తెలిసేలా సీసం అక్షరం పెట్టాలి సార్. ఒక ముసలావిడకి పెట్టడం మరిచిపోయాను. మళ్ళీ తీయాల్సొచ్చింది. ఎడమా కుడీ తెలియనిదానివి ఇంటికి పోయి కూర్చో అన్నారు. వారం నుంచీ ఆయన మనసు బాగోలేదు లెండి. పోయిన నెల ఒకావిడ తల స్కాన్ బాగానే ఉందని మా దగ్గర రిపోర్టిచ్చారు. నాలుగు రోజుల్లో ఆవిడ పోయింది. ఆ రిపోర్టు ఎవరు చదివారో నిన్న పన్నెండింటికి యాజమాన్యానికి రాసిస్తానన్నారు పెద్ద డాక్టరు."

"ఎవరు చదివారు?"

"నాకు తెలీదు సార్. మా దగ్గర అన్నీ నంబర్లే."

పదీ యాభై నుంచి పదకొండూ ఇరవై రెండు దాకా ఆమె ఒక రోగితో పెద్ద మిషన్ దగ్గరే ఉంది. రోగి చెప్పాడు, మిషన్ లెక్కా అదే చెబుతోంది. పదకొండూ ఇరవై రెండుకి రిసెప్షన్ ఆవిడ టీ తాగి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆ తరవాత చీకటి గదిలోకి వెళ్ళింది టెక్నీషియన్ ఒక్కతే. పదకొండూ నలభైకి రిసెప్షన్ ఆవిడ ఏదో సంతకానికి వెళ్ళి దీపం వేసి కెవ్వుమంది.

గడియారం ఆమెని వెంటబెట్టుకుని చీకటి గదిలోకి నడిచాడు. కానిస్టేబుల్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

పది అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు. కిటికీకి నల్లగుడ్డ. బల్లమీద రెండు తెరలు, చక్రాల కుర్చీ. గోడకి పాతకాలపు ఫిల్ములు తగిలించి చూసే దీపాల పెట్టె ఉంది. దాన్ని వాడటం మానేసి ఏళ్ళయింది గాని పీకడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. దాని ఇనప మూలకి పోలీసులు సుద్దముక్కతో గీత గీశారు. తల వెనక దెబ్బ తగిలింది అక్కడే. తోపులాటలో పడ్డ మనిషిని ఎవరో కుర్చీలో కూర్చోబెట్టి, తల బల్లమీదికి వాల్చి వెళ్ళారు.

"తల కింద ఇది ఉందిట కదా?" గడియారం ఫోటో చూపించాడు. నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు.

"నేను పెట్టలేదు సార్. నేను చూసేటప్పటికే ఉంది."

పగతో చంపినవాడు తల కింద తువ్వాలు మడతపెట్టడు. తోసేసి, తోసినందుకు గుండె బద్దలై, ఆ మనిషికి గట్టి చెక్క ఒత్తుకుంటుందని బాధపడిన చెయ్యి అది. గడియారానికి హంతకుడి మీద మొదటిసారి జాలి కలిగింది, అలా కలగడం ఆయనకి నచ్చలేదు.

"ఏం బావా, రిటైరైనా చేతులు ఊరుకోవట్లేదా?"

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడియారం భార్యకి తమ్ముడు. ఆవిడ పోయి ఆరేళ్ళైంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈ ఇద్దరూ ఒక పంక్తిలో కూర్చుని తినేవాళ్ళు. పోయాక ఒక్క కేసులో కూడా ఒక మాట మీద లేరు.

"నీ చేతులు ఊరుకున్నాయిగా, అందుకని నావి కదులుతున్నాయి," అన్నాడు గడియారం. "తువ్వాలు సంగతి చూశావా?"

"చూశాను. చంపాక భయమేసి పెట్టింది. ఏడుపు తరవాత ప్రేమలు రావడం మామూలే." ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచి బల్లమీద కొట్టాడు. "ఇదిగో, నీకిష్టమైన లెక్కలు. పదకొండూ ఇరవైకి డాక్టరు ఒక రిపోర్టు పూర్తిచేసి సంతకం పెట్టాడు. కంప్యూటర్ చెబుతోంది, నేను కాదు. అంటే అప్పటికి బతికే ఉన్నాడు. ఇరవై రెండు నుంచి నలభై దాకా లోపలికెళ్ళింది ఈవిడొక్కతే. చచ్చినవాడు లేచి సంతకం పెడతాడా బావా?"

"బతికున్నవాడు ఇంకొకడు పెట్టొచ్చుగా. డాక్టరు తెరిచిన కంప్యూటర్ అలాగే తెరిచి ఉంది కదా."

"పెట్టొచ్చు. ఆకాశం ఊడి పడొచ్చు. కోర్టుకి కావలసింది రుజువు."

"ఏ రిపోర్టు అది?"

"ఎవడిదో కడుపు స్కాన్. ఎవడిదైతే నీకెందుకు?" ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూసుకున్నాడు. "మూడూ ముప్పై నాలుగు. నాలుగింటికి నా మాత్రల అలారం మోగుతుంది. మోగగానే ఈవిడని జీపెక్కిస్తాను. అందాకా నీ సరదా తీర్చుకో. అక్క మొహం చూసి ఇస్తున్నాను."

"మీ అక్క మొహం చూసినవాడివైతే ఒక ఆడమనిషి మీద ఇలా నింద వెయ్యవు."

ఇన్‌స్పెక్టర్ మొహం నల్లబడింది. పళ్ళు కొరుక్కుని వెళ్ళిపోయాడు. అతని బూట్ల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

"నా గురించి గొడవలొద్దు సార్," అంది టెక్నీషియన్. "నాకింక ఆశ లేదు. మా ఆయనకి అన్నం వండుకోవడం కూడా రాదు, అదొక్కటే దిగులు."

"ఆశ సంగతి తరవాత. ఈ రిపోర్టు తెరువు." ఫైల్లో ఉన్న నంబరు ఆయన చదివాడు. చివరి నాలుగంకెలు నలభై నాలుగు పదిహేడు.

ఆమె వేళ్ళు మీటల మీద పడగానే మనిషి మారిపోయింది. భయం పక్కకి జరిగి పని వచ్చి కూర్చుంది. తెర మీద పొడుగాటి జాబితా. పేర్లు లేవు, వరసగా నంబర్లు, వయసు, ఆడా మగా.

"పేర్లేవి?"

"పెద్ద డాక్టరుగారు దాచేయించారు సార్. వాళ్ళ అన్నగారి స్కాన్ తనే చదవాల్సొచ్చి, ప్రేమకొద్దీ ఏమీ లేదని రాసి, ఆయన పోయాక పెట్టుకున్న నియమం. పేరు కనిపిస్తే కన్ను అబద్ధం చెబుతుందనేవారు. ఈ గదిలో అన్నీ నంబర్లే. పేరు రిసెప్షన్లోనూ, రోగి చీటీ మీదా ఉంటుంది." ఆమె ఆగింది. "ఇదేంటి సార్, వరస తప్పింది."

"అంటే?"

"ఆయన ముందు తీసినవి ముందు చదువుతారు. ఎంత పెద్దవాళ్ళు ఫోన్ చేసినా వరస దాటరు. నిన్న పదీ యాభై ఐదుకి మూడోది పూర్తి చేశారు. తరవాత నాలుగోది చదవాలి. కానీ పదకొండూ ఇరవైకి అయింది పదకొండోది."

గడియారం కలం ఆగింది. "రిపోర్టు చదువు."

ఆమె చదివింది. కాలేయం నార్మల్. రెండు కిడ్నీలూ సైజులోనూ ఆకారంలోనూ నార్మల్. మూత్రాశయం నార్మల్. చదువుతూ చదువుతూ తల అడ్డంగా ఊపింది. "ఇది ఆయన రాత కాదు సార్. ఒక్క మీట నొక్కితే అన్నీ నార్మల్ అని పడిపోయే మూస ఇది. సోమరి మీట అని తిట్టేవారు దాన్ని. పదేళ్ళలో ఒక్కసారి కూడా వాడలేదు."

"బొమ్మ చూపించు."

తెర మీద ఒక మనిషి నడుం దగ్గర అడ్డంగా కోసినట్టు బూడిదరంగు బొమ్మ వెలిగింది. ఆమె చక్రం తిప్పుతూ పైనుంచి కిందికి వచ్చింది. వెన్నుపూస, దానికి ఈ పక్క చిక్కుడుగింజ ఆకారంలో ఒకటి. ఆ పక్క ఏమీ లేదు.

"అమ్మో," అంది ఆమె. "ఈయనకి ఒక్క కిడ్నీయే ఉంది. రెండూ నార్మలని రాశారు!"

గడియారం గుండె ఎగిరింది. పాతికేళ్ళ కిందటి కుర్రతనం ఒంట్లోకి వచ్చినట్టయింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"విన్నావా అమ్మా, నువ్వు ఇంటికెళ్తున్నావు. బొమ్మ చూడకుండా రాశారు. అంటే రాసింది డాక్టరు కాదు. ఆయన పదీ యాభై ఐదుకీ పదకొండూ ఇరవైకీ మధ్య పోయాడు. ఆ టైములో నువ్వు రోగి పక్కన ఉన్నావు. ఎవరో ఆయన బతికే ఉన్నాడని చూపించడానికి ఒక రిపోర్టు పూర్తిచేశారు. మరి పైనున్న నాలుగోది వదిలేసి పదకొండోది ఎందుకు పట్టుకున్నారు?"

ఆమె పక్క తెర మీద జాబితా మళ్ళీ పైనుంచి చూసుకొచ్చింది.

"వాళ్ళు మరీ చెడ్డవాళ్ళు కాదమ్మా. ముక్కూ మొహం తెలియని రోగికి దొంగ రిపోర్టిస్తే వాడి ప్రాణం పోతుంది. అందుకని, ఏ జబ్బూ లేదని తమకి నమ్మకమున్న మనిషి నంబరు వెతుక్కున్నారు. ఇక్కడ పేర్లు లేవు కాబట్టి ఆ నంబరు వాళ్ళకి ముందే తెలుసు. ఈ పదకొండో మనిషి ఎవరో తెలిస్తే, చంపింది ఎవరో తెలిసిపోతుంది."

టెక్నీషియన్ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ జోడించబోయి, మళ్ళీ తెర వైపు చూసి దించేసింది.

"కానీ పాపం సార్ ఈ మనిషి. ఉన్న ఒక్కదాని మీదా ఏదో ఉంది. చూడండి, ఈ గడ్డలాంటిది. మేం చెప్పకూడదు, డాక్టరే చెప్పాలి. ఎవరైనా త్వరగా చెప్పాలి. ఏమీ లేదనుకుని తిరుగుతుంటాడు."

"పాపమే," అన్నాడు గడియారం. ఆయన ధ్యాసంతా పుస్తకం మీదే ఉంది. పైకి చదువుతూ రాసుకుంటున్నాడు. "మగ, యాభై తొమ్మిదేళ్ళు. కుడి కిడ్నీ లేదు..."

"కుడి కాదు సార్, ఎడమ."

"నా కుడిచేతి పక్కనేగా ఖాళీ?"

"బొమ్మలో మనిషి మనకేసి తిరిగి ఉన్నట్టు లెక్క. మన కుడి ఆయన ఎడమ. నిన్న దీనికే కదా నాకు తిట్లు." ఆమె తొలిసారి కొంచెం నవ్వింది. "ఎడమది ఆపరేషన్ చేసి తీసేశారు. ఈ తెల్లటి చుక్కలు చూశారా, రక్తనాళానికి వేసిన క్లిప్పులు. ఇలా శుభ్రంగా తీశారంటే జబ్బొచ్చి కాదేమో. ఎవరికో దానం చేసుంటాడు."

గడియారం చెయ్యి తనంతట తనే ఎడమ నడుము మీదికి పోయింది. చొక్కా కింద జానెడు పొడుగు పాత కుట్టు వేళ్ళకి తగిలింది.

ఆయన జేబులోంచి పర్సు తీశాడు. మొన్న సాయంత్రం స్కానింగ్ చీటీ మడతలో ఉంది. మడత విప్పడానికి నాలుగు మాట్లు ప్రయత్నించాల్సొచ్చింది. నలభై నాలుగు పదిహేడు.

పదిహేనేళ్ళ కింద భార్య ఆయన రెండు చేతులూ పట్టుకుని, "మా తమ్ముణ్ణి బతికించండి, ఇంకేమీ అడగను" అంది. తమ్ముడికి అప్పుడే ఎస్సైగా ఉద్యోగమొచ్చింది. సంగతి బయటపడితే మూల కూర్చోబెడతారని భయపడ్డాడు. అందుకని పొరుగూళ్ళో ఆపరేషన్ చేయించుకుని, పన్నెండేళ్ళ చిట్టితో నాన్నకి రాయి తీశారని చెప్పారు. పిల్ల పెరిగి డాక్టరైనా ఆ రాయి రాయిగానే ఉండిపోయింది. ఒక్క అబద్ధాన్ని అంతకాలం ఇంట్లో ఉంచుకున్నాడు. రెండు కిడ్నీలూ నార్మల్! దాని నాన్న గట్టి మనిషి. ఎవరికీ హాని జరగకుండా అబద్ధం రాయడానికి దానికి దొరికింది నాన్న ఒక్కడే.

నిన్న పదకొండూ ముప్పై రెండుకి ఫోన్ వచ్చింది. "నాన్నా, రిపోర్టొచ్చింది, అన్నీ నార్మల్" అన్నప్పుడు చిట్టి గొంతు వణికింది. సంతోషం అనుకున్నాడు. పదీ యాభై ఐదు నుంచి పదకొండూ ఇరవై దాకా ఎక్కడున్నావని ఈ సెంటర్లో ఎవరూ ఆ పిల్లని అడగలేదు. అందరినీ ఎన్నింటికని అడిగే తనూ అడగలేదు. పోయిన నెల ఆ తల స్కాన్ చదివింది ఎవరో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

తువ్వాలు గుర్తొచ్చింది. ఆయన ఫైళ్ళ మీద తల పెట్టి నిద్రపోతే, లంగా జాకెట్టు వేసుకునే రోజుల్లో ఆ పిల్ల చప్పుడు చెయ్యకుండా వచ్చి, నాలుగు మడతలు పెట్టి తల కింద దూర్చేది. ఆయన దుఃఖం ఆపుకోలేకపోయాడు.

"సార్? మంచినీళ్ళు తెమ్మంటారా?"

అప్పుడే గుమ్మంలో అలారం మోగింది. నాలుగైంది. ఇన్‌స్పెక్టర్ ఒక చేత్తో మాత్రల డబ్బా, ఇంకో చేత్తో సీసా పట్టుకుని లోపలికొచ్చాడు. మాత్ర నోట్లో వేసుకోబోతూ తెర చూశాడు. ఒకటే కిడ్నీ, యాభై తొమ్మిది. తరవాత బావ మొహం, నడుం మీద చెయ్యి, బల్లమీద చీటీ చూశాడు. ఈ లోకంలో ఆ బొమ్మ ఎవరిదో పోల్చగలిగిన రెండో మనిషి అతనే. అలారం మోగుతూనే ఉంది. ఆపాలన్న ధ్యాస కూడా అతనికి లేదు.

అతను తలుపు దగ్గరికి వేశాడు. బావ పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు.

"మూసెయ్ బావా."

"ఏది?"

"ఆ బొమ్మ. పదకొండూ ఇరవైకి డాక్టరు బతికే ఉన్నాడు. నిన్నట్నుంచీ చెబుతున్నాను, వినవు." చీటీ మీద అరచెయ్యి పెట్టాడు. "చిట్టి మా అక్క కూతురు. నేను తింటున్న అన్నం నువ్విచ్చిన ప్రాణంతో తింటున్నాను. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్. చింపేస్తాను."

"చింపు. చింపినా లాభం లేదురా. ఆ రుజువు నా ఒంట్లోనే ఉంది, నీ ఒంట్లోనూ ఉంది."

టెక్నీషియన్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆమెకి ఏం అర్థమైందో గాని లేచి నిలబడింది. "సార్, ఆ పదకొండో మనిషి ఎవరో తెలిసిందా? నేను ఇంటికెళ్ళొచ్చా?"

ఇద్దరిలో ఒక్కరూ ఆమె కళ్ళలోకి చూడలేకపోయారు. లిఫ్టు మెకానిక్ నూనె చేతులు గడియారానికి కళ్ళముందు కదిలాయి. ఇంటికెళ్ళమంటే తన ఇంట్లో దీపం ఆరిపోతుంది. వద్దంటే వాళ్ళింట్లో.

ఆయన ఫోన్ తీసి చిట్టి నంబరు నొక్కాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకోబోయాడు గాని గట్టిగా పట్టుకోలేకపోయాడు. పై అంతస్తులోనే ఉంది పిల్ల. రెండో గంటకే ఎత్తింది.

"ఏంటి నాన్నా? మందులేసుకున్నావా?"

"చిట్టీ, కిందికి రామ్మా. చీకటి గదికి. నా రిపోర్టులో ఒక తప్పుంది."

అవతల ఎవరో రోగి దగ్గడం వినిపించింది.

"ఏ లైన్లో నాన్నా?"

"కిడ్నీల దగ్గర. నాకున్నది ఒకటేనమ్మా. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. తప్పు నాదే."

ఈసారి నిశ్శబ్దం ఎంతసేపుందో గడియారం చూసుకోలేదు. తరవాత కూతురి గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

"టెక్నీషియన్ అక్క నీ పక్కనే ఉందా నాన్నా?"

"ఉంది."

"ఏడవొద్దని చెప్పు. వస్తున్నాను."